జానెడు గట్టు

మా మూల మీద ఫుట్‌పాత్ రోడ్డు కంటే జానెడు ఎత్తు. ఆ జానెడు దిగలేక నా భార్య పని పోగొట్టుకుంది. తర్వాత వీధి పోగొట్టుకుంది. ఆ తర్వాత పోయింది.

గట్టు వల్ల పోయిందని అనను. ఊపిరితిత్తుల్లో నీరు చేరి పోయింది. కాని కిటికీ దగ్గర కూర్చుని పోయింది. ఆ కిటికీకి ఎదురుగా, రోడ్డుకు అవతల, పెళ్ళైన కొత్తల నుంచీ ఆమె పనిచేసిన దర్జీ దుకాణం ఉంది. ఆమె మిషన్ అక్కడ గోడ వారగా గుడ్డ కప్పుకుని ఉండేది. కిటికీలోంచి అది కనిపించేది.

నాది తాళాలు బాగుచేసే పని. ముందు దుకాణం, వెనక ఇల్లు.

ఆమెకు నరాల జబ్బు. ముందు పాదం లేవడం మానేసింది. చెప్పుల ముందు కొసలు అరగడం మొదలైంది. మనుషులందరికీ చెప్పు మడమ దగ్గర అరుగుతుంది, ఈమెకు వేళ్ళ దగ్గర. కొత్త చెప్పులు కొన్నాం. అవీ అలాగే అరిగాయి. అప్పుడు చెప్పింది, వాళ్ళ అమ్మకూ ఇలాగే మొదలైందని. ఆ తర్వాత చేతికర్ర, ఆ తర్వాత చక్రాల కుర్చీ.

చేతులకు ఏమీ కాలేదు. దర్జీ మంచివాడు. "మిషన్‌కు మోటారు పెట్టించానమ్మా, మోచేత్తో నొక్కితే చాలు. నువ్వు రావడమే ఆలస్యం," అన్నాడు. ఆ రావడమే కుదరలేదు. కుర్చీని వెనక్కి వంచి ఇటు గట్టు నేనొక్కణ్ణే దించగలిగేవాణ్ణి. అటు గట్టు ఎక్కించడానికి ఇంకో మనిషి కావాలి. పొద్దున ఒకణ్ణి ఆపాలి, సాయంత్రం ఒకణ్ణి ఆపాలి. ఆమె మొదట్లో నవ్వేది. "పల్లకీ మోసేవాళ్ళకైతే కూలిస్తారు. వీళ్ళకు నా థాంక్స్‌తోనే సరిపెడుతున్నాం," అనేది.

ఒక సాయంత్రం వానలో రోడ్డు మధ్య నిలబడ్డాం. ఎవరూ ఆగలేదు. బళ్ళవాళ్ళు హారన్లు కొట్టారు. ఇంటికొచ్చాక జుట్టు తుడుచుకుంటూ అంది: "ఇక చాలు. రోజూ ఎవరో ఒకర్ని బతిమాలుకుని కుట్టేది బట్టలా?"

మర్నాటి నుంచి వెళ్ళలేదు.

మున్సిపాలిటీకి అర్జీ పెట్టింది. ఫుట్‌పాత్ అంచును వాలుగా రోడ్డులో కలపమని, రెండు వైపులా. జవాబు వచ్చింది. ఇప్పట్లో వీలు కాదని, ఆ మూల మీద కొత్త కట్టడం వస్తే చుట్టూ ఫుట్‌పాత్ బాగుచేసే పూచీ బిల్డరుదేనని, అప్పుడు చూస్తామని.

దాంతో ఆమె భవనం కోసం కాచుకుంది. మా పక్కన పాత గోడౌను అమ్ముడుపోయి పునాదులు తవ్వుతుంటే వీధంతా తిట్టింది. దుమ్మని, చప్పుడని, ఎండ రాదని. ఆమె ఒక్కతే ఆ భవనం రావాలని కోరుకుంది. కిటికీలోంచి చూస్తూ, "ఇంకో అంతస్తు లేచింది. మన ర్యాంపు దగ్గరపడింది," అనేది. నేను తాళానికి ఆకురాయి పెడుతూ ఊఁ కొట్టేవాణ్ణి.

బిల్డరుకు మున్సిపాలిటీ ఇచ్చే అనుమతి పత్రంలో షరతులు ఉంటాయి. ఒక్కో షరతు పక్కన కారణం రాయడానికి ఒక గడి ఉంటుంది. కారణం లేకుండా షరతు పెట్టకూడదట, అది వాళ్ళ పద్ధతి. ఫలానా చోట చెట్లు నాటాలి, కారణం నీడ. ఫలానా చోట దీపం పెట్టాలి, కారణం చీకటి. మా మూల మీద, ఎదుటి మూల మీద ర్యాంపులు కట్టాలి. కారణం: మూల ఇంట్లో ఉంటున్న, చక్రాల కుర్చీ వాడే మనిషి అర్జీ.

ఆ ముక్క ఆమె ఫోన్‌లో దర్జీకి చదివి వినిపించింది. "చూశారా, నా కోసమే రాశారు," అంది. ఆ రోజు నేనూ సంతోషించాను. కారణంగా ఒక్క మనిషిని రాస్తే ఏమవుతుందో అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు.

భవనం పై అంతస్తుకు సున్నాలు వేస్తుండగా ఆమె పోయింది.

*

నా బావమరిది ఆ భవనం దగ్గరే పని. బిల్డరు తరఫున మేస్త్రీల మీద పెత్తనం. నా భార్యకు ఒక్కడే తమ్ముడు. వాళ్ళ అమ్మ మంచం పట్టాక వాణ్ణి పెంచింది నా భార్యే. చిన్నోడా అని పిలిచేది. వాడికి తల నెరిసినా చిన్నోడే. ఇల్లు మా వెనక వీధిలో.

ఒక సాయంత్రం దుకాణానికి వచ్చాడు. గిరాకీ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"తిన్నావా బావా?"

"ఎందుకొచ్చావో చెప్పు."

"మనిషిని కూర్చోనిస్తే కదా."

"కూర్చున్నావుగా."

వాడు టేబులు మీది తాళంచెవులు కదిపాడు. "ఆ ర్యాంపు రావాల్సిన చోట కరెంటు కేబుళ్ళ పెట్టె ఉంది బావా. అది జరపాలంటే కరెంటోళ్ళు రావాలి. వాళ్ళ సంగతి తెలిసిందేగా, దున్నపోతు మీద వాన. ర్యాంపు లేనిదే భవనంలోకి మనుషుల్ని దిగనివ్వరట. ఫ్లాట్లు కొన్నోళ్ళు సామాన్లు కట్టుకుని కూర్చున్నారు. రోజూ నా ప్రాణం తీస్తున్నారు."

"అయితే?"

"బిల్డరు మున్సిపాలిటీకి రాశాడు. ఆ షరతు తీసెయ్యమని. అక్క... ఇప్పుడు అక్క లేదు కదా అని."

నేను చేతిలో ఆకురాయి కింద పెట్టాను.

"వట్టినే కాదు బావా," వాడు తొందరగా అన్నాడు. "అక్కడ పాలరాతి బల్ల వేస్తారు. దాని మీద అక్క పేరు చెక్కిస్తారు. పెద్ద అక్షరాలతో. వచ్చేపోయేవాళ్ళంతా చదువుతారు. నేనే అడిగి ఒప్పించాను. రేపు విచారణలో అభ్యంతరం లేదని నువ్వొక్క మాట చెబితే చాలు."

"చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు."

"అలా తీసుకోకు."

"మీ అక్క కాళ్ళు పోయాక ఎన్నడైనా బల్ల మీద కూర్చుందట్రా? కుర్చీ వెంట తెచ్చుకునే మనిషికి బల్లెందుకు?"

"అక్క ఉంటే ఒప్పుకునేది బావా. నా మాట ఎప్పుడు కాదంది?"

"అక్క ఉంటే నువ్వు ఈ మాట మీద వచ్చేవాడివి కాదు."

వాడు తాళంచెవులు పక్కకు నెట్టాడు. తర్వాత లేచాడు. "నా మాటకు ఆఫీసులో ఏదో విలువుంది ఇప్పటికి. అదీ పోగొట్టు," అన్నాడు. గుమ్మం దాటబోతూ తట్టుకున్నాడు. పడలేదు, ద్వారబంధం పట్టుకున్నాడు. ఆ గుమ్మం వాడు పసితనం నుంచీ దాటుతున్నదే.

బూట్ల వంక చూశాను. కుడి బూటు ముందు కొస అరిగి తోలు లేచిపోయి ఉంది.

నేను చూడడం వాడు చూశాడు.

"కొత్త బూట్లు. ఇంకా పట్టడం లేదు," అన్నాడు.

అవి కొత్తవి కావు.

*

విచారణ మున్సిపల్ ఆఫీసు పై అంతస్తులో. లిఫ్టు ఉంది, కాని దానికి కుర్చీ అడ్డం పెట్టారు. మెట్లెక్కాం. నా ముందు బావమరిది. మెట్ల రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి ఎక్కాడు. నేను దాటి వెళ్ళలేదు. వెనకే నిలబడ్డాను. నిలబడి చూశాను.

హాల్లో పొడుగు బల్ల. మధ్యలో అధ్యక్షురాలు, పెద్దావిడ, కళ్ళజోడు గొలుసుతో మెడకు వేలాడుతోంది. ఒక పక్క ఇంజనీరు, ఇంకో పక్క గుమాస్తా. ఎదురుగా మైకు. పది పన్నెండు మంది జనం, ఎవరి గొడవ వాళ్ళది.

బిల్డరు మనిషి తెర మీద బొమ్మ చూపించాడు. నీడ, పూలు, బల్ల. బల్ల మీద ఒకావిడ కప్పు పట్టుకుని నవ్వుతోంది. చుట్టూ నడిచేవాళ్ళు, పరుగెత్తేవాళ్ళు. ఆ బొమ్మలో అందరికీ కాళ్ళు బాగున్నాయి.

అధ్యక్షురాలు కళ్ళజోడు పెట్టుకుంది. "అర్జీ పెట్టిన ఆవిడ కాలం చేశారని రాశారు. మా సంతాపం," అంది. మర్యాదగానే అంది. "పేరు చెక్కిస్తామంటున్నారు. మంచి ఆలోచనే. భర్తగారు వచ్చారా?"

లేచి మైకు దగ్గరకు వెళ్ళాను.

"మీకేమైనా అభ్యంతరమా?"

"ఉంది. బల్ల వద్దు. ర్యాంపు కావాలి."

"మీకా?"

"నాకు అక్కర్లేదు. నేను నడుస్తాను."

గుమాస్తా కలం ఎత్తాడు. "అదే మేడం ఇబ్బంది. కారణం గడి ఇప్పుడు ఖాళీ. ఖాళీ గడి మీద షరతు నిలవదు. బిల్డరు కోర్టుకెళ్తే మనం ఓడిపోతాం."

"రేపు ఇంకొకరికి కాళ్ళు పోవచ్చు," అన్నాను.

"పోవచ్చు అనేది కారణం కాదు పెద్దాయనా. అలా అయితే ఊరంతా తవ్వాలి. పోయినవాళ్ళు అప్పుడు అర్జీ పెట్టుకుంటారు."

"పెట్టుకుని, పోతారు."

హాల్లో ఎవరో దగ్గారు. గుమాస్తా తల దించుకున్నాడు. అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది. "మీ బాధ అర్థమవుతోంది. మాకు పద్ధతొకటి ఉంది. ఆ చుట్టుపక్కల ఇంకెవరైనా ఉన్నారా, ఈ అవసరం ఉన్నవాళ్ళు? ఒక్కరున్నా రాసుకుంటాం. లేకపోతే ఈ షరతు ఇవాళే తీసెయ్యాల్సి వస్తుంది."

లేరని చెబితే ఆ గట్టు అలాగే ఉంటుంది. నేను పోయేదాకా, నా తర్వాతా. దాని పక్కన రాతి మీద ఆమె పేరు. దించడానికి ఒకడు, ఎక్కించడానికి ఇద్దరు, చదవడానికి ఊరంతా.

"ఒకడున్నాడు," అన్నాను.

"ఎవరు?"

"అదిగో, బిల్డరు గారి మనిషి పక్కన కూర్చున్నవాడు. నా బావమరిది. ఇల్లు మా వెనక వీధి. వాళ్ళ అమ్మకు కాళ్ళు పోయాయి. వాళ్ళ అక్కకు పోయాయి. ఇతని బూట్ల ముందు కొసలు చూడండి. నా భార్య చెప్పులు అలాగే అరిగేవి."

హాలంతా బూట్ల వంక చూసింది. వాడు పాదాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

బిల్డరు మనిషి నవ్వబోయి, పక్కకు తిరిగి వాడి మొహం చూసి మానేశాడు.

"ఆయన చెప్పింది నిజమేనా?" అధ్యక్షురాలు అడిగింది. "చెప్పాలని బలవంతం లేదు."

కాదంటే అయిపోయేది. ఉద్యోగం నిలిచేది, బల్ల పడేది, నేను మతి చెడిన ముసలివాడినని ఇంటికి పంపేవాళ్ళు. వాడు నా వంక చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. వాడు తెర మీద బొమ్మ వంక చూశాడు, అందులో నవ్వుతున్న ఆవిడ వంక.

"నిజమే," అన్నాడు. "డాక్టరు చెప్పాడు."

గుమాస్తా రాసుకున్నాడు.

మెట్లు దిగేటప్పుడు వాడు మధ్యలో ఆగాడు. నేనూ ఆగాను.

"నా పెళ్ళానికి ఇంకా చెప్పలేదు బావా."

వాడు కింది మెట్టు వంక చూశాడు.

"ఆడపిల్లలున్నారు నాకు. వాళ్ళకూ వస్తుందేమోనని దానికి భయం పుడుతుందని చెప్పలేదు. నువ్వు మైకులో చెప్పావు. ఇప్పుడు ఇంటికెళ్ళి ఏమనను?"

"నిజం చెప్పు."

"నువ్వు మనిషివేనా?"

"మీ అక్క ఉన్నప్పుడు అయ్యుండొచ్చు."

వాడు రెయిలింగు పట్టుకుని దిగాడు. నేను చెయ్యివ్వలేదు. ఇచ్చినా పట్టుకునేవాడు కాదు.

ఆమె ఉండి ఉంటే, ఆ పని చేసినందుకు నన్ను నెల రోజులు పలకరించేది కాదు. అన్నం పెట్టి మొహం తిప్పుకునేది. కాని ఆమె లేదు. గొడవంతా అదే.

*

కరెంటువాళ్ళు రావడానికి ఎండాకాలం పోయింది. పెట్టె జరిపారు. ఫ్లాట్లు కొన్నవాళ్ళు మా దుకాణం ముందు నుంచి వెళ్తూ నా వంక గుర్రుగా చూసేవాళ్ళు. ఒకడు అనేశాడు కూడా, "పోయిన మనిషి కోసం బతికున్నోళ్ళని రోడ్డున పడేశావు," అని. "రోడ్డున పడితే గట్టెక్కండి, జానెడే కదా," అన్నాను.

బావమరిది ఉద్యోగం పోలేదు. కాని పై అంతస్తుల పనికి వాణ్ణి పంపడం మానేశారు. పడతాడని భయం. కింద ఫుట్‌పాత్ పని అప్పగించారు. రోజంతా నా కిటికీ ముందే ఉండేవాడు. ఇటు చూసేవాడు కాదు.

వాడి భార్య ఒక్కసారి వచ్చింది. దుకాణంలోకి రాలేదు. గుమ్మం బయట నిలబడింది.

"అన్నయ్యా, మీరు చెప్పకపోతే ఇంకెన్నాళ్ళు దాచేవాడో ఈ మనిషి. అందుకు మీకో దండం," అంది. "చెప్పిన తీరుకు మాత్రం ఇక మీ గడప తొక్కను."

"సరేనమ్మా."

"సరే అంటే సరిపోతుందా?"

"సరిపోదు."

కొంగు సవరించుకుని వెళ్ళిపోయింది. అన్నమాట నిలబెట్టుకుంది. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆ పని మళ్ళీ చెయ్యనని అర్థం. చేస్తాను.

ర్యాంపు సిమెంటు ఆరింది. దాని మీద చూపులేనివాళ్ళ కర్రకు తగిలేలా బొడిపెలున్న పసుపు పలకలు పరిచారు. రోడ్డుకు కొత్త తారు వేశారు. ఒక పొద్దున మున్సిపాలిటీ ఇంజనీరు తనిఖీకి వచ్చింది, చిన్న వయసు పిల్ల. రసమట్టం పెట్టి వాలు చూసింది. టేపు పెట్టి వెడల్పు చూసింది. తల ఊపి సంతకానికి కలం తీసింది.

నేను లోపలికి వెళ్ళి కుర్చీ బయటికి తెచ్చాను. ముందురోజే చక్రాలకు నూనె పెట్టాను. సీటు మీద ఆమె కుట్టుకున్న గలీబు అలాగే ఉంది.

"మనిషిని కూర్చోబెట్టి చూడాలి," అన్నాను.

"కొలతలన్నీ సరిపోయాయండీ."

"కొలతల్ని తోసుకెళ్ళలేం కదమ్మా."

ఆ పిల్ల మేస్త్రీల వంక చూసింది. మేస్త్రీలు ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. ఖాళీగా ఉన్నా ఆ కుర్చీలో కూర్చోవడానికి ఎవరికీ మనసు రాదు. దర్జీని పిలుద్దామనుకున్నాను.

బావమరిది వచ్చాడు. అప్పటికి చేతికర్ర పట్టాడు. కర్ర మేస్త్రీకిచ్చి, కుర్చీ చేతులు తడుముకుని కూర్చున్నాడు. గలీబు నలిగితే సరిచేసుకున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. వాళ్ళక్క అలాగే పెట్టుకునేది.

"తొయ్యి బావా," అన్నాడు. ఆ మెట్ల తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట.

తోశాను. వాలు మీద కుర్చీ నిదానంగా దిగింది. కింద సిమెంటు ఆగి తారు మొదలయ్యే చోట ముందు చక్రాలు ఠక్కున ఆగాయి. వాడు ముందుకు తూలాడు. నా చెయ్యి దానంతటదే వెళ్ళి భుజం పట్టుకుంది. ఆమె భుజం అక్కడే పట్టుకునేవాణ్ణి.

సిమెంటు పోసినవాళ్ళు ఒకరు, తారు వేసినవాళ్ళు ఇంకొకరు. వెనకొచ్చినవాళ్ళు తారు మందంగా పోసి వెళ్ళిపోయారు. నిలబడి చూస్తే కనిపించదు. వేలెడు ఎత్తు కూడా లేదు.

"ఇక్కడ తట్టుకుంటోంది," వాడు అన్నాడు.

ఇంజనీరు పిల్ల వంగి చూసింది. "ఈ మాత్రం పర్వాలేదండీ. రాసేస్తాను, తర్వాత సరిచేయిద్దురుగాని."

"మీరు కూర్చోలేదుగా మేడం," అన్నాడు వాడు. గొంతు పెంచలేదు. మేస్త్రీ వైపు తిరిగాడు. "అంచంతా చెక్కించు."

"మొత్తమా సారూ? ఇవాళ భవనం అప్పగించాలిగా."

"మొత్తం. అప్పగింత రేపు."

ఆ మాట నేనందామనుకున్నాను. వాడే అన్నాడు.

గునపాలు తెచ్చారు. తారు పెళ్ళలు లేచాయి. కుర్చీ వెనక్కి లాగి ఫుట్‌పాత్ మీద నిలిపాను. పనయ్యేదాకా వాడు లేవలేదు. నేను వెనక పిడులు పట్టుకుని నిలబడ్డాను. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఇంజనీరు పిల్ల కలం మూసి నీడకు వెళ్ళి కూర్చుంది, ఉండిపోయింది.

మేస్త్రీ కొత్త అంచును పారతో తట్టి, చేత్తో తడిమి, పక్కకు తప్పుకున్నాడు.

"మళ్ళీ," అన్నాడు వాడు.

ఈసారి చక్రాలు దిగిన సంగతి తెలియలేదు. రోడ్డు మీదికి వచ్చేశాం. బళ్ళు ఆగాయి. అవతల దర్జీ గుమ్మంలోకి వచ్చాడు. కుర్చీని చూసి ఒక్క క్షణం ఎవరనుకున్నాడో, దుకాణం రెండో తలుపు కూడా బార్లా తెరిచాడు.

"అటు వైపుదీ చూద్దాం," బావమరిది అన్నాడు.

తోశాను. అవతలి గట్టు దగ్గర కుర్చీ ఆగలేదు.